ఐదు నెలల బాబుకి ఏ బొమ్మలు ఇవ్వచ్చు, ఏవి వద్దు

అమ్మా, మీరు రాసింది చదివాను. శ్రీకాకుళంలో కన్నవారింట్లో ఉన్నారు, బాబుకి ఐదు నెలలు నిండాయి. రథసప్తమికి అరసవల్లి వెళ్లినప్పుడు మీ అత్తగారు జాతరలో గిలక్కాయ, కీచుమనే రబ్బరు బాతు కొన్నారు. మీ మరిది ఆన్‌లైన్‌లో రిమోట్‌తో తిరిగే ఉయ్యాల బొమ్మలు, ఒక వాకర్ తెప్పించాడు. వచ్చే నెల అన్నప్రాసన, ఇంకా బొమ్మలు వచ్చిపడతాయి. వీటిలో ఏవి ఇవ్వాలి, ఇవ్వకపోతే బాబు వెనకబడతాడా అని మీ టెన్షన్. నేను విజయనగరం జిల్లాలో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. ఇంటింటికీ వెళ్లి చంటిపిల్లల్ని చూడటమే నా ఉద్యోగంలో సగం. అంచేత కాస్త పొడుగ్గానే చెప్తాను.

ముందు ఆ రిమోట్ సంగతి చూడండి. మిగతావి తర్వాత చదువుకోవచ్చు, లేచి వెళ్లి దాని వెనక మూత ఎలా ఉందో చూసి రండి. స్క్రూతో బిగించి ఉందా, గోటితో లాగితే జారిపోతోందా? ఇలాంటి చిన్న రిమోట్లలో సాధారణంగా బిళ్ల బ్యాటరీ ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పుండే రకం అన్నిటికన్నా ప్రమాదం. అది పిల్లాడి గొంతు దిగువన ఇరుక్కుంటే, తడి తగిలి కరెంటు పారి, రెండు గంటల్లోపే అన్నవాహిక గోడని కాల్చేయగలదు. బొమ్మని ఆడించలేని పాత బ్యాటరీకి కూడా ఆపాటి శక్తి ఉంటుంది. మింగాడని అనుమానం వస్తే చాలు. అరటిపండు పెట్టి రేపటికి విరేచనంలో పోతుందిలే అని కూర్చోకూడదు. వాంతి చేయించకూడదు. ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి సరాసరి వెళ్లి, "బ్యాటరీ మింగినట్టుంది" అన్నది మొదటి మాటగా చెప్పాలి. ఏదో బిళ్ల మింగాడంటే వరసలో కూర్చోబెట్టినా పెడతారు. కారు తాళం రిమోట్‌లో, బరువు చూసే మెషీన్‌లో, పాట పాడే గ్రీటింగ్ కార్డులో, దీపావళికి కొనే ఎల్‌ఈడీ ప్రమిదల్లో ఉండేవీ ఇవే బిళ్లలు. మూత స్క్రూతో బిగించి ఉన్నా సరే, ఆ రిమోట్ బీరువాలోనే ఉండాలి.

ఇక గిలక్కాయ. జాతరలో దొరికేవి చాలావరకు రెండు ప్లాస్టిక్ డిప్పలు అతికించి, లోపల పూసలు పోసి, కింద పిడి పెట్టినవే. అతుకు మీద రెండు బొటనవేళ్లూ పెట్టి గట్టిగా విడదీయబోండి. టప్పున ఊడితే దాని పని అయిపోయినట్టే. ఊడకపోతే నడుమెత్తు నుంచి గచ్చు మీద నాలుగైదుసార్లు పడేసి, అతుకు మీద వేలు పెట్టి ఒకసారి పామండి. సన్నటి చీలిక గోటికి తగులుతుంది, కంటికి కనపడదు. ఆ చీలికే పదిరోజుల్లో తెరుచుకుంటుంది, లోపలి పూసలు మినపగింజలంతే ఉంటాయి. (ఈ పరీక్ష అత్తగారు దగ్గర లేనప్పుడు చెయ్యండి. మనవడి కోసం ముచ్చటపడి కొన్నది కోడలు నేలకేసి కొడుతుంటే ఎవరికైనా మనసు కష్టపడుతుంది.) రబ్బరు బాతుకి అడుగున ఈలలాంటి చిన్న ముక్క దూర్చి ఉంటుంది, అదే కీచుమనేది. దాన్ని వేలితో నొక్కితే లోపలికి పోయినా, లాగితే బయటికొచ్చినా బాతు వద్దు. గట్టిగా ఉంటే ఇవ్వచ్చు కానీ, స్నానంలో వాడితే ఆ కన్నంలోంచి నీళ్లు లోపలికి చేరి నల్లగా బూజు పడుతుంది. పిండితే బూజునీళ్లు బాబు నోట్లోకే.

ఏ బొమ్మనైనా కొన్న రోజు ఎలా ఉందో చూసి నిర్ణయించకండి. విరిగిన రోజు ఎలా ఉంటుందో ఊహించి నిర్ణయించండి. ఈ వయసులో బాబుకి వస్తువు ఏమిటో తెలిసేది నోటితోనే. నోట్లో పెట్టుకోవడం చెడ్డ అలవాటు కాదు, మానిపించక్కర్లేదు, మానిపించలేరు కూడా. అందుకని బొమ్మ నోట్లోకి వెళ్తుంది, నేలమీద పడుతుంది, పగులుతుంది అని ముందే అనుకుని, పగిలిన ముక్కలతో సహా దాన్ని లెక్కేసుకోవాలి.

కొలతలకి ఒక పద్ధతుంది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే చోట 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు. బొమ్మగానీ దాని ముక్కగానీ అందులో పూర్తిగా పట్టేస్తే ఫెయిల్. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు కాబట్టి, దానికన్నా కాస్త పెద్దదైనా ప్రమాదమేనన్నమాట. ఇంట్లో గొట్టం లేకపోతే మీ బొటనవేలు, చూపుడువేలు చివరలు కలిపి సున్నా చుట్టండి. అందులోంచి జారిపోయేదేదీ బాబుకి అందే చోట ఉండకూడదు. గుండ్రటి బంతులకి ఇంకా జాగ్రత్త కావాలి, గొంతుకి బిరడాలా సరిగ్గా అమరిపోతాయి కాబట్టి. బంతి 44.5 మిల్లీమీటర్ల కన్నా పెద్దదిగా ఉండాలి. టేబుల్ టెన్నిస్ బంతి 40 మిల్లీమీటర్లే, అది కూడా పనికిరాదు. తాడుకైతే మన జానెడు కొలత సరిపోతుంది. ఏడాదిన్నరలోపు పిల్లల బొమ్మకుండే తాడు 22 సెంటీమీటర్లు దాటకూడదంటారు, అంటే రమారమి జానెడు. అంతకన్నా పొడుగుంటే మెడకి చుట్టుకుంటుంది, కత్తిరించెయ్యండి.

అంగట్లో కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి అది తప్పనిసరి. గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది, దాన్ని ప్రభుత్వ ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నిజమైనదో కాదో తెలుస్తుంది. ఎర్ర గీతల గుండ్రంలో ఏడుపు మొహం, పక్కన 0–3 అని బొమ్మ ఉంటే మూడేళ్లలోపు పిల్లలకి ఇవ్వద్దని అర్థం. దాన్ని చూసి 'సున్నా నుంచి మూడేళ్ల వాళ్లకి' అని కొనుక్కొచ్చేవాళ్లున్నారు. బళ్ల మీద, జాతరలో అమ్మేవాటికి ఈ గుర్తులేవీ ఉండవు. అక్కడ కొనాలని ముచ్చటగా ఉంటే కాస్త పెద్ద పిల్లలకి కొనండి.

కొయ్య బొమ్మలు మంచివేనా అని ఎలాగూ అడుగుతారు. మనకి దగ్గర్లో అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక ఉండనే ఉంది. అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ లక్క పట్టిస్తారు. పసుపు, జాఫ్రా గింజలు, నీలి లాంటి వాటితో రంగులు తీసి లక్కలో కలుపుతారు. వీటిలాగా భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్న బొమ్మలకి ఐఎస్‌ఐ నిబంధన నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి ఆ ముద్ర లేదని కంగారుపడకండి. అయితే అక్కడ తయారయ్యేవన్నీ చంటిపిల్లలకి కాదు. లక్కపిడతలు, చిన్న చిన్న బొంగరాలు మన వేళ్ల సున్నాలోంచి జారిపోతాయి. గిలక్కాయ కొనేటప్పుడు ఒకే కర్రలోంచి తీసిందా, తల విడిగా చేసి అతికించిందా చూడండి. తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే రంగు అంటకూడదు. ఇంకో మాట. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, వేడికి మెత్తబడుతుంది. శానిటైజర్‌తో తుడిచినా, పాలసీసాతో పాటు నీళ్లలో మరిగించినా రంగంతా జిగటై బాబు చేతికి అంటుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెడితే చాలు. కొండపల్లి బొమ్మలు షోకేసులోకే. అవి తేలికైన పొణికి కర్ర మీద రంగులు పూసి చేసేవి, నములుకునేందుకు కాదు.

మెత్తటి బొమ్మ కావాలంటే ఇంట్లోనే కుట్టండి. మీ నాన్నగారి పాత పొందూరు పంచె ఉంటే అంతకన్నా మంచి గుడ్డ దొరకదు. లోపల గుడ్డ పీలికలే కూరండి, పూసలూ గింజలూ వద్దు. కళ్లకి గుండీలు పెట్టకుండా దారంతో కుట్టండి. వారానికోసారి ఉతికి ఎండలో వేయండి.

అయితే ఆ మెత్తటి బొమ్మ కూడా మెలకువగా ఉన్నప్పుడే. నిద్రపోయే చోట ఏడాది నిండేవరకు బొమ్మ, దిండు, మందపాటి దుప్పటి ఏవీ ఉండకూడదు. చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఉయ్యాల మీద చిలకలు వేలాడదీస్తాం కదా, మీ మరిది తెచ్చిన తిరిగే బొమ్మలూ ఆ కోవలోవే. మొదటి రెండు మూడు నెలల్లో వాటి ఉపయోగం ఎక్కువ. పుట్టిన బిడ్డకి ఒక మూర లోపే స్పష్టంగా కనిపిస్తుంది. నలుపు తెలుపు లాంటి కొట్టొచ్చే తేడా ఉంటే కళ్లు నిలుస్తాయి, ఆ తర్వాత కదిలేవాటి వెంట చూపు తిప్పడం నేర్చుకుంటాడు. మీ బాబు ఆ దశ దాటాడు. ఐదు నెలలొచ్చాయంటే చేత్తో లాగుతాడు, ఇవాళో రేపో అరచేతుల మీద లేస్తాడు. కాబట్టి ఆ బొమ్మల్ని ఉయ్యాల మీద నుంచి విప్పేసి, వాడి చెయ్యి అందనంత దూరంలో కిటికీకి కట్టండి, చూసి నవ్వుకుంటాడు. చీర ఉయ్యాల వాడుతుంటే ఊపి నిద్రపుచ్చి, నిద్రపట్టాక పక్క మీదకి మార్చండి. చీర ముడుచుకుని మెడ వంగితే ఊపిరికి ఇబ్బంది. ఇంట్లో పెద్ద పిల్లలుంటే దాన్ని మెలిపెట్టి తిప్పుతారు కూడా.

వాకర్ వెనక్కి పంపేయండి. ఇందులో నాకు రెండో మాట లేదు. దానివల్ల నడక త్వరగా రాదు, పిల్లలు కాలివేళ్ల మీద తోసుకుంటూ పోవడం మాత్రం నేర్చుకుంటారు. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. మన వైపు ఇళ్లకి అరుగులు, మెట్లు, గడపలు ఎక్కువ. చక్రాల మీద ఉన్న పిల్లాడు మీరు 'అయ్యో' అనేలోపు అరుగు చివరికి చేరతాడు. పొయ్యి మీద గిన్నె పిడి, టీ గ్లాసు, ఇస్త్రీపెట్టె వైరు అన్నీ ఒక్కసారిగా వాడికి అందే ఎత్తుకొచ్చేస్తాయి. మీ మరిది బాధపడితే పెద్దవాళ్ల మాట చెప్పండి. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు పంచారే గానీ, వాకర్ ఎక్కినందుకు ఏ పిండివంటా పెట్టలేదు. ఆ వరసలో ప్రతిదీ బిడ్డ నేలమీద తనంతట తాను చేసిందే.

నేలే వాడి ఆటస్థలం. చాప మీద దుప్పటి పరిచి, మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వెయ్యండి. పాలు తాగిన వెంటనే కాదు. ఇంకా పాకని పిల్లలకి రోజంతా కలిపి కనీసం అరగంట అలా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడుస్తున్నాడని ఎత్తేస్తున్నాం అంటారు చాలామంది. మూడు నిమిషాలకి ఏడిస్తే మూడు నిమిషాలే, మళ్లీ ఇంకోసారి. మీరు కూడా ఎదురుగా బోర్లా పడుకుని మొహంలో మొహం పెట్టి మాట్లాడండి. తల ఎత్తడానికి వాడికి ఒక కారణం కావాలి కదా. జానెడు దూరంలో మెరిసే స్టీలు గిన్నె బోర్లించి పెట్టండి. మొదట చూస్తాడు, తర్వాత కొడతాడు, చప్పుడుకి వాడే ఉలిక్కిపడతాడు, మళ్లీ కొడతాడు. నేను కొట్టాను కాబట్టి మోగింది అన్న సంగతి అప్పుడే బుర్రకెక్కుతుంది. బటన్ నొక్కితే ఇరవై పాటలు పాడే బొమ్మలో పని బొమ్మే చేస్తుంది, బాబు ప్రేక్షకుడు. పైగా వాడి చెయ్యి పొట్టి కాబట్టి ఆ మోత మన చెవికన్నా వాడి చెవికి బాగా దగ్గర. మీ చెవి దగ్గర పెట్టుకుని చూడండి, మీకు చికాకనిపిస్తే వాడికివ్వద్దు.

ఆరో నెల దాటాక ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటాడు. అప్పుడు పట్టుకోవడానికి వీలైన చెక్క గరిట, స్టీలు గ్లాసు, అంచు పదును లేని మూత లాంటివి ఇవ్వచ్చు. ఎనిమిది తొమ్మిది నెలల్లో కొంగు చాటున మొహం దాచుకుంటే మీరు అక్కడే ఉన్నారని వాడికి తెలుస్తుంది, కొంగు లాగేస్తాడు. గిన్నె కింద బంతి దాస్తే గిన్నె ఎత్తుతాడు. పదో నెలకి రెండు వేళ్లతో నేలమీది చీమని కూడా పట్టగలడు. అక్కడి నుంచి మీరు రోజూ పొద్దున్నే నేలమీద చేతులు, మోకాళ్లు ఆనించి ఒకసారి ఇల్లంతా చూడాలి. మంచం కింద ఏముందో నిలబడితే కనపడదు. స్నానాల గదిలో బకెట్‌లో నీళ్లు నిలవ ఉంచకండి. బెత్తెడు నీళ్లయినా తలకిందులుగా పడ్డ పిల్లాడు లేవలేడు. ఫోన్‌లో బొమ్మలు ఇప్పుడు అక్కర్లేదు, నాన్నతో వీడియో కాల్ మాట్లాడించడం వేరే సంగతి.

బొమ్మలు కానివాటి గురించే నాకు ఎక్కువ భయం. గుడ్డలు మార్చేటప్పుడు కదలకుండా ఉంటాడని పౌడరు డబ్బా చేతికిస్తారు. మూత ఊడి పౌడరు మొహం మీద పడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చప్పుడు చేస్తుందని పాలిథిన్ కవరు ఇస్తారు. ఏడుపు మానడానికి తాళాలగుత్తి నోట్లో పెట్టనిస్తారు. పలాస వైపు చుట్టాలొస్తే జీడిపప్పు తెస్తారు. పప్పులు, వేరుశనగలు, వేయించిన శనగలు నాలుగేళ్లు వచ్చేవరకు గుళ్లుగా పెట్టకూడదు. జీడిగింజ తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, ఇంట్లో ఒలిచేవాళ్లుంటే ఆ గది వైపే బాబుని తీసుకెళ్లకండి. అక్కచెల్లెళ్లు వామనగుంటలాడే చింతపిక్కలు, గవ్వలు ఎంచి డబ్బాలో పెట్టి పైన పెట్టాలి. గురివింద గింజ ఆటకి అసలు వద్దు, నమిలితే విషం. దిష్టికి కట్టే నల్లపూసల తాడు, వసకొమ్ము కట్టిన తాడు, మువ్వల పట్టీలు కూడా ఇంతే. తాడు తెగినా, మువ్వ ఊడినా వెళ్లేది నోట్లోకే. దిష్టి తీయాలంటే సాయంత్రం ఉప్పు తిప్పండి, పూస కట్టద్దు. కాటుక చుక్క కూడా నేను వద్దనే అంటాను, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది, చేత్తో తుడుచుకుని నాకేస్తాడు.

అన్నప్రాసన రోజు బాబు ముందు పుస్తకం, పెన్ను, కత్తి, బంగారం, డబ్బులు పెడతారు కదా. వేడుక మానక్కర్లేదు. బిళ్లల బదులు నోటు, ఉంగరం బదులు పెద్ద బంగారు గాజు, పెన్ను బదులు పొడుగు చెక్క పెన్సిల్ చెక్కకుండా పెట్టండి. కత్తి స్థానంలో గరిట పెడితే మీ పురోహితుడు ఏమీ అనుకోరు. అలంకరణకి బుడగలు కడితే ఆ సాయంత్రమే అన్నీ విప్పి, పగిలిన పీలికలన్నీ ఏరించండి. పగిలిన బుడగ ముక్క గొంతులో అతుక్కుంటే తీయడం చాలా కష్టం.

ఇంత చేసినా ఏదైనా అడ్డుపడితే ఏం చెయ్యాలో ఇంట్లో అందరికీ తెలిసుండాలి. దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే గాలి ఆడుతోందన్నమాట, దగ్గనివ్వండి. గొంతు రాకుండా, ఊపిరాడకుండా నీలం తిరుగుతుంటే ముంజేతి మీద బోర్లా వేసి, దవడ దగ్గర తలని పట్టుకుని, తల ఒంటికన్నా కిందికుండేలా చూసి, రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు గట్టిగా వెయ్యండి. రాకపోతే వెల్లకిలా తిప్పి చాతీ మధ్య ఎముక మీద ఐదుసార్లు నొక్కండి. వచ్చేవరకు ఇదే మార్చి మార్చి. ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ తప్పితే గుండె నొక్కి శ్వాస ఇచ్చే పద్ధతి మొదలుపెట్టాలి. అది ఆసుపత్రి నర్సమ్మ దగ్గర బొమ్మ మీద ఒకసారి నేర్చుకుని ఉంచుకోండి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, కనపడని దానికోసం నోట్లో వేలు పెట్టి కెలకడం రెండూ వద్దు, వేలితో ఇంకా లోపలికి తోసేస్తాం.

బొమ్మలు తక్కువైతే వెనకబడడు. ఒకసారికి మూడో నాలుగో చాలు, మిగతావి అటక మీద పెట్టి వారానికోసారి మార్చండి, పాతవే కొత్తగా కనిపిస్తాయి. కానీ మీరు చివర్లో 'బాబు భలే, అన్నీ కుడిచేత్తోనే అందుకుంటాడు' అని మురిపెంగా రాశారు. నేను ఆగింది అక్కడ. ఏడాదిలోపు పిల్లలు రెండు చేతులూ ఇంచుమించు సమానంగా వాడాలి, వాటం తెలిసేది ఆ తర్వాతే. రేపు బాబుని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని గిన్నెని ఎడమవైపు చూపించండి, కుడిచేతిని మెల్లగా పట్టుకోండి. ఎడమచేత్తో అందుకుంటే సరే, మీరు ఎప్పుడూ కుడివైపు నుంచే ఇస్తున్నారేమో. ఎడమ పిడికిలి మూసుకునే ఉన్నా, ఆ చెయ్యి బిగుసుకున్నట్టున్నా, అన్నప్రాసన అయ్యేదాకా ఆగకుండా ఈ వారమే పిల్లల డాక్టరుకి చూపించండి. మీ ఆశా కార్యకర్తని అడిగితే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగా పరీక్ష చేయించే దారి చెప్తుంది. ఏమైందో రాయండి.